నాలుగు తాళాల పెట్టె, పిడికెడు బియ్యం: లూథరన్ సంఘంలో సేవ ఎక్కడ మొదలవుతుంది?

ప్రభువు నామమున వందనములు.

మీరు అడిగినదాన్ని నేను సరిగానే గ్రహించానో లేదో తెలియడానికి ముందుగా నా మాటల్లో చెబుతాను. గుంటూరు జిల్లాలో సుమారు 140 గడపలున్న ఒక లూథరన్ సంఘానికి మీరు ఈ ఏడాది కౌన్సిల్ సభ్యురాలిగా ఎన్నికయ్యారు. ఆదివారం గుడి నిండుతోంది గాని, ఆశీర్వాదం పలికిన పది నిమిషాలకే ఆవరణ ఖాళీ అయిపోతోంది. సేవ అంటే క్రిస్మస్‌కు దుప్పట్లు పంచడం, ఎండాకాలం చలివేంద్రం పెట్టడం. అంతకు మించి ఏమీ లేదు. ఇంకేదైనా చేద్దామంటే పెద్దలు "ముందు ప్రహరీ గోడ పూర్తి కానివ్వమ్మా" అంటున్నారు. ఏ కార్యక్రమంతో మొదలుపెట్టాలి, దానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను హైస్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా సంఘ కౌన్సిల్‌లో 22 ఏళ్లు ఉన్నాను, అందులో తొమ్మిదేళ్లు సెక్రటరీగా చేశాను. ఇప్పుడు కౌన్సిల్‌లో లేను గాని, గృహ దర్శనాలకు మాత్రం నేటికీ వెళుతున్నాను. ఆ అనుభవంతో నేను చెప్పగలిగినది ఒక్కటే: కార్యక్రమంతో మొదలుపెట్టకండి, సంఘ రిజిస్టరుతో మొదలుపెట్టండి. ఎవరింట్లో ఏముందో తెలియని సంఘం చేసే సేవ దుప్పట్ల దగ్గరే ఆగిపోతుంది. దుప్పటి ఎవరికి ఇచ్చినా సరిపోతుంది కాబట్టి, పుచ్చుకునేవారి పేరు కూడా తెలుసుకోవలసిన పని ఉండదు.

మా సంఘంలో ఇది ఎలా జరిగిందో చెబుతాను. నేను సెక్రటరీ అయిన ఏడాది, పాస్టరు గారు, నేను, స్త్రీల సమాజం అధ్యక్షురాలు ముగ్గురం కూర్చుని బాప్తిస్మాల పుటలు, నిర్ధారణల (బాప్తిస్మం పొందిన పిల్లలు ఎదిగాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడం) పుటలు, వివాహాల పుటలు, భూస్థాపనల పుటలు వరుసగా తిరగేశాం. పక్కన చందా పుస్తకం కూడా పెట్టుకున్నాం. రిజిస్టరులో ఉండి చందా పుస్తకంలో లేని కుటుంబాలు 19 తేలాయి. వాళ్లు ఊరు విడిచారో, వేరే సంఘానికి వెళ్లారో, అలిగారో, చందా కట్టలేక మొహం చాటేశారో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. ఆ సాయంత్రం నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. ఆ 19 కుటుంబాల్లో రెండింటి పిల్లలు నా బడిలోనే, నా తరగతిలోనే చదివారు.

ఆ తర్వాత ఇద్దరిద్దరిగా ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాం. జతలో ఒకరు పెద్దవారు, ఒకరు యవ్వనస్థులు. వారానికి మూడిళ్లు, అంతకు మించి వద్దనుకున్నాం, ఎందుకంటే ఎక్కువ ఇళ్లు పెట్టుకుంటే గుమ్మంలో నిలబడే పలకరించి వచ్చేస్తాం. ఒక నియమం మాత్రం గట్టిగా పెట్టుకున్నాం: గృహ దర్శనానికి వెళ్లేటప్పుడు చందా పుస్తకం వెంట ఉండకూడదు, చందా మాట ఎత్తకూడదు. సంఘ పెద్దలు వస్తున్నారంటే డబ్బు అడగడానికే అన్న తలంపు పోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. అది పోయిన తర్వాతే జనం నోరు విప్పి చెప్పుకోవడం మొదలైంది. మద్యం మానలేని కొడుకు, అల్లుడు తరిమేసిన కూతురు, బంగారం తాకట్టు పెట్టి కట్టిన కాలేజీ ఫీజు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న జబ్బు, అన్నీ ఆ వాకిళ్లలోనే విన్నాం.

కిందటేడు జరిగిన ఒక సంగతి చెబుతాను. మా గుడిలో స్త్రీల వైపు మూడో వరుసలో ప్రతి ఆదివారం చాప మీద కూర్చునే ఒక విధవరాలు ఉంది. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. ఆ సంవత్సరమంతా ఆమె ఒక్క ఆరాధన మానలేదు, కానుక సంచి దగ్గరికి వస్తే చేయి పెట్టకుండా ఉండలేదు. మేము వెళ్లిన రోజు మాటల్లో రెండు నెలలుగా పింఛను రాలేదని చెప్పింది. ఎందుకు రాలేదమ్మా అంటే మాట్లాడకుండా రెండు అరచేతులూ మా ముందు చాపింది. కారపు ఘాటుకు, ఏళ్ల తరబడి చేసిన పనికి వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయి, చర్మం మీద గీతలన్నవే కనిపించడం లేదు. యంత్రం మీద వేలు ఎంత నొక్కినా ముద్ర పడలేదట. కనుపాపతోనో ముఖంతోనో కూడా గుర్తించే వీలుంటుందని ఆమెకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. నాతో వచ్చిన డిగ్రీ చదివే అబ్బాయి మర్నాడు పొద్దున్నే ఆమెను సచివాలయానికి తీసుకువెళ్లాడు. నెలకు 4,000 రూపాయలు ఆమెకు తిరిగి రావడానికి సంఘానికి అయిన ఖర్చు ఆటో కిరాయి మాత్రమే. ఆ రెండు నెలలూ ఆమె మా మధ్యనే కూర్చుని కీర్తనలు పాడింది, మేము ఆమె పక్కనే ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) పుచ్చుకున్నాం.

ఇళ్లకు తిరగడం లూథరన్ ఉపదేశంలో ఎక్కడుందని మీ పెద్దల్లో ఎవరైనా అడిగితే, తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు. మన సంఘాలకు పేరునిచ్చిన జర్మన్ మత సంస్కర్త లూథరు, 1537 నాటి ష్మాల్కాల్డ్ నిబంధనల్లో (లూథరన్ విశ్వాస ప్రకటనల్లో ఒకటి) సువార్త మనకు ఏయే మార్గాల్లో అందుతుందో చెబుతూ, వాక్య ప్రకటన, బాప్తిస్మము, ప్రభు సంస్కారము, పాపక్షమాపణ అధికారము అన్న నాలుగింటితో ఆపకుండా, సహోదరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, ఒకరినొకరు ఆదరించుకోవడం అన్నదాన్ని కూడా వాటి సరసనే చేర్చాడు. మనం మొదటి నాలుగింటినీ గుడిలో జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాం గాని, అయిదోదాన్ని పాస్టరు గారి తీరికకు వదిలేశాం. అది తీరికను బట్టి చేసే పని కాదని ఆ వాక్యం చదివితే తెలుస్తుంది.

అలాగే నిర్ధారణ తరగతిలో మనమంతా కంఠస్థం చేసిన లూథరు చిన్న ప్రశ్నోత్తరిని, అంటే విశ్వాస పాఠాలను ప్రశ్నలు జవాబులుగా చెప్పే పుస్తకాన్ని, మళ్లీ తీసి చూడండి. అది 1529 నాటిది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో కూడా ఒక ప్రశ్నోత్తరి ఉంది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ సిద్ధం చేసిన దాన్ని 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో ముద్రించారు. లూథరు రాసిన ఆ చిన్న ప్రశ్నోత్తరిలో "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞకు అర్థం చెప్పేటప్పుడు, పొరుగువాని శరీరానికి హాని చేయకపోవడంతో సరిపెట్టకుండా, అతని ప్రతి శారీరకావసరంలోనూ సహాయం చేయాలని రాసి ఉంది. "దొంగిలకూడదు" అన్నచోట పొరుగువాని ఆస్తినీ జీవనోపాధినీ వృద్ధిపరచి కాపాడడానికి తోడ్పడాలని ఉంది. "మా అనుదినాహారము" అన్న మాటకు అన్నం, బట్ట, ఇల్లు, పొలం, పశువులు, మంచి పరిపాలన, మంచి వాతావరణం, ఆరోగ్యం అంటూ వరుసగా చెప్పుకుంటూ వెళ్లి, చివరన నమ్మకమైన పొరుగువారిని కూడా ఆహారం కిందనే లెక్కపెట్టాడు. నేను పిల్లలకు ఆ భాగం చెప్పేటప్పుడు ప్రతిసారీ అక్కడ ఆగుతాను, మీ వీధిలో మీరు ఎవరికి ఆ ఆహారం అని అడుగుతాను. పద్నాలుగేళ్ల పిల్లలు దానికి చెప్పే జవాబులు మన కౌన్సిల్ సమావేశాల్లో వినిపించే మాటలకన్నా సూటిగా ఉంటాయి.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ మీకు ఒక పాత ఏర్పాటును కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన సంఘ ఖజానాను ఎలా నడపాలో నేను నేర్చుకున్నది అందులోనే. జర్మనీలోని సాక్సనీలో లైస్నిగ్ అనే చిన్న పట్టణం ఉంది. 1523లో అక్కడి సంఘస్థులు ఒక ఉమ్మడి నిధిని ఏర్పాటు చేసుకుని నియమాలు రాసుకుంటే, లూథరు దానికి ముందుమాట రాసి అచ్చు వేయించాడు. ఆ నిధిని గుడిలో ఒక పెట్టెలో ఉంచారు. పెట్టెకు నాలుగు వేర్వేరు తాళాలు. ఒక తాళంచెవి ప్రభు వంశీయుల దగ్గర, ఒకటి పట్టణ సభ దగ్గర, ఒకటి పట్టణవాసుల దగ్గర, ఒకటి చుట్టుపక్కల పల్లెల రైతుల దగ్గర. నాలుగు చెవులూ కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. నిధిని చూసే పదిమందిలో ప్రభు వంశీయులు ఇద్దరు, పట్టణ సభవారు ఇద్దరు, పట్టణవాసులు ముగ్గురు, పల్లె రైతులు ముగ్గురు. అంటే పెత్తందార్లు నలుగురైతే సామాన్యులు ఆరుగురు. వాళ్లు ప్రతి ఆదివారం కూర్చుని ఆ వారం ఎవరికి ఏం కావాలో విచారించేవారు, లెక్కలు రాసేవారు, ఏడాదికి మూడుసార్లు సంఘమంతటినీ సమావేశపరచి వాటిని ముందు పెట్టాలని నియమం.

ఆ పెట్టెలోని సొమ్ము దేనికి ఖర్చు చేయాలో కూడా రాసుకున్నారు. బోధకుని జీతం, మగపిల్లల బడి, ఆడపిల్లల బడి, ముసలివారు, రోగులు, అనాథలు, కరువుకు ముందుగానే కొని దాచే ధాన్యం, గుడి మరమ్మతులు. వీటితోపాటు అప్పుల్లో చిక్కుకున్న చేతిపనివారికి పని సాగించుకోవడానికి అప్పు. నిజంగా తిరిగి కట్టలేని స్థితి వస్తే దేవుని నిమిత్తం ఆ అప్పును మాఫీ చేయాలని కూడా ఉంది. మీ పెద్దలు అడుగుతున్న ప్రహరీ గోడకూ ఆ పట్టికలో చోటుంది చూడండి, కట్టడాలను వాళ్లు నిర్లక్ష్యం చేయలేదు. అయితే గోడ పూర్తయ్యాక ముసలివారి సంగతి చూద్దామని మాత్రం వాళ్లు రాసుకోలేదు, రెండూ ఒకే పెట్టెలో నుంచి, ఒకే ఆదివారం విచారణలో నుంచి నడిచాయి. ఆ ఏర్పాటు కాగితం మీద ఉన్నంత సాఫీగా సాగలేదన్నదీ మీకు చెప్పాలి. పట్టణ సభవారు తమ చేతిలో ఉన్న ఆస్తులను నిధికి అప్పగించడానికి ఒప్పుకోలేదు, లూథరు సాక్సనీ పాలకునికి మొర పెట్టుకోవలసి వచ్చింది. ఖజానా తాళంచెవి చేతిలో ఉన్నవారు దాన్ని వదులుకోవడానికి ఇష్టపడకపోవడం మన జిల్లాలో పుట్టిన జబ్బు కాదు కాబట్టి, మీ సంఘంలో అది కనిపించినప్పుడు బెంబేలు పడవద్దు.

మన సంఘాల్లో సేవ అనగానే "అది మిషన్ వాళ్ల పని" అన్న భావం ఎందుకు నాటుకుపోయిందో కూడా ఆలోచించాలి. అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరుకు వచ్చారు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ అండతో ఆయన మొదలుపెట్టిన పనుల్లో బళ్లు ముందు వరసలో ఉంటాయి. ఆ తర్వాత గురజాల కేంద్రంగా పల్నాడు పల్లెల్లో తిరిగారు. అదే మిషన్ పంపిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చినప్పుడు ఆమె చదివింది వైద్యమే అయినా, పంపినవారు ఆమెకు మొదట అప్పగించింది స్త్రీల మధ్య పని, బడి పని. అయినా ఆమె ఇళ్లకు వెళ్లి రోగులను చూస్తూనే ఉంది, 1898 నాటికి గుంటూరులో ఆసుపత్రి తెరుచుకుంది. ఈనాటికీ మనవాళ్లు దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఆ ఆసుపత్రి వెనుక పదిహేనేళ్ల ఇంటింటి తిరుగుడు ఉంది. మనం భవనాన్ని గుర్తు పెట్టుకుని తిరుగుడును మరిచిపోయాం.

నిజానికి ఆ తిరుగుడును ఎక్కువగా మోసింది తెల్లవాళ్లు కూడా కాదు. పల్లెల్లో వాక్యం, అక్షరాలు చెప్పే ఉపదేశులు, స్త్రీలకు ఇంటింటా బైబిలు చెప్పే బైబిలు స్త్రీలు. కొద్దిపాటి జీతంతో, కాలినడకన, మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ వెళ్లి, రాత్రిపూట లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దించింది వాళ్లే. మా తాతగారికి అచ్చులు హల్లులు నేర్పింది ఒక ఉపదేశి. ఆయన పేరు మా ఇంట్లో తెలుసు గాని ఏ శిలాఫలకం మీదా లేదు. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడి మన పరిపాలన మన చేతికి వచ్చిన తర్వాత బళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు అన్నీ మనవయ్యాయి. అయితే వాటి పదవులూ ఆస్తులూ చూసుకోవడంలోనే మన బలమంతా ఖర్చయిపోయి, ఉపదేశి చేసిన పని ఎవరిదీ కాకుండా పోయింది. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివారు ఉంటారు. కానీ ఒక పాస్టరు గారు నాలుగైదు గ్రామ సంఘాలను చూసుకోవలసి వచ్చే చోట, ఆయన ఒక్కరే అన్ని ఇళ్లకూ వెళ్లాలని ఆశించడం ఆయనకూ అన్యాయమే, ఆ ఇళ్లకూ అన్యాయమే.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు మీ స్త్రీల సమాజంలో ఉంది. మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచి, చేటలో పోసుకుని, కడగడానికి ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లోని చిన్న కుండలో వేసేది. మేము అయిదుగురు పిల్లలం. సోల నిండని రోజులూ ఉండేవి, అయినా పిడికెడు మాత్రం కుండలోకి వెళ్లేది. శనివారం సాయంత్రం బైబిలు స్త్రీ గుడ్డ సంచితో వచ్చి కుండ వంచుకుని వెళ్లేది. ఆ బియ్యం ఎటు వెళుతుందో మా వీధిలో అందరికీ తెలుసు: పురిటిలో ఉన్నవారికి, మంచాన పడ్డవారికి, మిగిలితే అమ్మి ఆ డబ్బు ఖజానాకు. చాలా సంఘాల్లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది, మీ సంఘంలో ఆగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టించండి. బియ్యం విలువ ఎంత అని లెక్కలు వేయకండి. రోజూ వంట చేసే మనిషి వంట మొదలుపెట్టే ముందు తన ఇంటివారు కాని ఒకరిని తలుచుకోవడం దానితో వచ్చే ఫలితం. ఒక్క షరతు: ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది స్త్రీల సమాజమే కావాలి. ఎవరింట పొయ్యి వెలగలేదో వాళ్లకు తెలిసినంతగా కౌన్సిల్‌లో కూర్చున్న మగవాళ్లకు ఎన్నడూ తెలియదు. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు మొదటి మూడేళ్లు ఆ నిర్ణయాన్ని కౌన్సిల్ చేతిలోనే పెట్టుకున్నాను. అది పొరపాటని ఆలస్యంగా తెలుసుకున్నాను.

కోత పండుగ మరో ఆదాయం. సొరకాయలు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం, కోడిపుంజు, ఇంట్లో చేసిన అరిసెలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం, ఆరాధన తర్వాత వేలంపాట సాగడం, పాడుకున్నవారు ఆ సొరకాయను మళ్లీ వేలానికే వదిలేయడం, అలా ఒకే కాయ నాలుగుసార్లు అమ్ముడుపోవడం, ఇవన్నీ మీకు కొత్త కాదు. ఆ రోజున జనం చేయి ధారాళంగా ఉంటుంది. కాబట్టి పండుగకు నెల ముందే కౌన్సిల్‌లో ఒక తీర్మానం పెట్టించండి: వచ్చినదానిలో ఇంత భాగం సహాయ నిధికి, మిగిలినది గోడకు. ఎంత భాగమన్నది మీ సంఘ స్థితిని బట్టి. పండుగ అయిపోయి డబ్బు లెక్కతేలిన తర్వాత ఆ మాట ఎత్తితే గోడే గెలుస్తుంది. అమెరికాలో, హైదరాబాదులో స్థిరపడిన మన పిల్లలు గుడి గోపురానికో గంటకో సంతోషంగా పంపిస్తారు, అది మంచిదే. వారిని అడిగేటప్పుడు సహాయ నిధి మాట కూడా చెప్పండి. ఆ అవసరం ఉన్నట్టు వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

సహాయ నిధికి వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు. ఆ ఇద్దరూ ఒకే ఇంటిపేరువారు కాకుండా, వీలైతే ఒకే పేటవారు కాకుండా చూసుకోండి. మూడు నెలలకోసారి గుడిలో లెక్క చదవాలి, కానీ పుచ్చుకున్నవారి పేర్లు చదవకూడదు: "వైద్యానికి ఇద్దరికి ఇంత, పుస్తకాలకు నలుగురికి ఇంత" అంటే చాలు. పేర్లున్న పుస్తకం పాస్టరు గారి దగ్గర ఉంటుంది, ఆడిటు చేసేవారు చూస్తారు.

పేర్ల విషయంలో నేను ఇంత పట్టుగా ఉండడానికి కారణం మేము చేసిన ఒక తప్పు. ఒక క్రిస్మస్‌కు వేదిక కట్టి, వెనుక బ్యానరు పెట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి దుప్పటి ఇచ్చాం. ఫొటో తీసే అబ్బాయి "ఇటు చూడమ్మా" అని రెండుసార్లు అడిగితే, ఒక పెద్దామె దుప్పటి అందుకుంటూ కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆమె మనవడు అదే గుంపులో, తోటి పిల్లల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆ కుర్రవాడు తర్వాత ఆర్నెల్లు ఆదివారపు బడికి రాలేదు. ఆ ఏర్పాటు చేసినవారిలో నేనూ ఒకణ్ణి. అప్పటినుంచి ఇవ్వవలసినది ఏదైనా చీకటి పడ్డాక ఇద్దరు మనుషులు ఇంటికి తీసుకువెళ్లి ఇవ్వడమే మా పద్ధతి. ఫొటో లేదు.

ఇప్పుడు మనవాళ్లు బయటికి మాట్లాడని విషయం ఒకటి చెప్పాలి. ఒకే ఊళ్లో, ఒకే పాస్టరు గారి కింద, మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి ఉన్న చోట్లు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఒకే గుడి ఉన్నచోట కూడా భోజనాల పంక్తిలో ఎవరి పేటవారు వారి పక్కన కూర్చోవడం, సహాయం ఎవరి చేతిలో ఉంటే ఆ పేటకే చేరడం జరుగుతుంది. 1519లో సంస్కారం గురించి చేసిన ప్రసంగంలో లూథరు చెప్పినది ఇదే: ఆ రొట్టెలో పాలుపంచుకున్నవాడు తోటివారి కష్టాన్ని తన కష్టంగా మోయాలి, ఉమ్మడి మేలు కోరుకుంటూ ఉమ్మడి భారం వద్దనేవాడికి ఆ సంస్కారం అర్థం కాలేదు. మేము దీని గురించి ప్రసంగాలు చేయించాం, పెద్దగా మార్పు రాలేదు. మార్పు తెచ్చింది గృహ దర్శనాల జతలు. ఈ పేట నుంచి ఒకరు, ఆ పేట నుంచి ఒకరు కలిసి వెళ్లాలని నియమం పెట్టాం. మొదట గొణిగారు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు తాగి, ఒకరి రోగి మంచం పక్కన మరొకరు ప్రార్థన చేసిన తర్వాత, రెండేళ్లకు కోత పండుగ పంక్తిలో తేడా నా కళ్లతో చూశాను. అంతా పోయిందని చెప్పను. వివాహాల దగ్గర ఇంకా అలాగే ఉంది.

దీనితో ముడిపడిన మరో జాగ్రత్త. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు, మన రాష్ట్రంలో క్రైస్తవ్యం స్వీకరించిన ఎస్సీలు బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) కింద, ఒక శాతం రిజర్వేషన్‌తో ఉన్నారు. పిల్లల చదువు, ఉద్యోగం తలుచుకుని కొందరు గుడికి వస్తూనే రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి జంకుతారు. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు విశ్వాసం లేదని వారిని నిందించకండి. పేరు రాసుకున్నా రాసుకోకపోయినా ఆ ఇల్లు మీ దర్శనాల పట్టికలో ఉండాలి. బీసీ-సి ధ్రువపత్రం కోసం, స్కాలర్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టుకోవడం తెలియని పిల్లలకు దగ్గరుండి చేయించడం కూడా సంఘ సేవే. మీ సంఘంలో కంప్యూటరు వచ్చిన కుర్రవాళ్లు ఇద్దరుంటే, నెలకు ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఒక బల్ల వేసి కూర్చోబెట్టండి. ఆవరణ పది నిమిషాల్లో ఖాళీ కాకుండా ఉండడానికి ఇంతకన్నా తేలిక మార్గం నాకు తెలియదు. ఆ బల్ల దగ్గరికి మన సంఘస్థులు కానివారు వచ్చినా సంతోషంగా చేసి పెట్టాలి, ఆరాధనకు రమ్మని ఆ సమయంలో అడగకూడదు. సహాయానికి బదులుగా ఏదో ఆశిస్తున్నామన్న అనుమానం ఒకసారి కలిగితే ఊళ్లో మన మాట చెల్లదు, చెల్లకూడదు కూడా.

యవ్వనస్థుల గురించి రాశారు, క్యారల్స్‌కు తప్ప కనిపించరని. మా అనుభవం వేరుగా ఉంది: వాళ్లకు పని చెప్పకుండా కుర్చీలు వేయమనడం వల్లనే వాళ్లు రారు. మీ సంఘంలో నర్సులు, ఆర్టీసీ డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, టీచర్లు ఉండే ఉంటారు. ఒక మనిషి తన రోజువారీ పనిని నమ్మకంగా చేసి పొరుగువానికి ఉపయోగపడడం కూడా దేవుని పిలుపేనని లూథరు గట్టిగా చెప్పాడు. బోధకుని పని ఎంతటిదో చెప్పులు కుట్టేవాని పని అంతటిదే అన్నాడు. నర్సును గుడి ఊడవమని అడిగే బదులు, నెలకు ఒకసారి ముసలివారి రక్తపోటు చూడమని అడగండి. ఎలక్ట్రీషియన్‌ను విధవరాలి ఇంట్లో వేలాడుతున్న వైర్లు సరిచేయమని అడగండి. చేయననే వారిని నేను ఇంతవరకు చూడలేదు.

ప్రహరీ గోడ విషయంలో పెద్దలతో వాదానికి దిగకండి. గోడ అవసరమే, గుడి స్థలం ఆక్రమణకు గురైతే తిరిగి తెచ్చుకోవడానికి పడే పాట్లు వాళ్లు చూసి ఉంటారు, వాళ్ల భయం ఊరికే వచ్చినది కాదు. వాళ్లలో ఒకరిని మీతో పాటు గృహ దర్శనానికి రమ్మని అడగండి. అందరికన్నా గట్టిగా గోడ మాట అంటున్న పెద్దాయననే అడగండి, "అయ్యగారూ, దారి మీకు తెలుసు, నాకు తోడు రండి" అనండి. ఈ ఆదివారం పాస్టరు గారి అనుమతితో రిజిస్టరు తీసుకుని, చందా పుస్తకంలో లేని మూడు కుటుంబాల పేర్లు రాసుకోండి. ఆ మూడిళ్లకూ వెళ్లి వచ్చాక ఏం విన్నారో, పేర్లు లేకుండా, ఇక్కడ రాయండి. సహాయ నిధి నియమాలు రాసుకోవడంలో అప్పుడు నేను తోడ్పడతాను.